వరంగల్ చుట్టుపక్కల రైడర్లు ఆగే ధాబాలు, బార్లు: ఎక్కడ తినాలి, ఎక్కడ తాగాలి

తమ్ముడూ, మీరు అడిగింది ఇదీ: హనుమకొండ నుంచి ఎనిమిది బండ్ల మీద ఆదివారం పొద్దున బయల్దేరుతారు. ములుగు వైపో, కరీంనగర్ వైపో, ఆదిలాబాద్ వైపో పోతారు. దారిలో రైడర్లు ఆగే మంచి ధాబాలోనో, బార్ అండ్ రెస్టారెంట్‌లోనో కూర్చుని తిని, తలా ఒక బీరు తాగి, చీకటి పడేలోపు ఇల్లు చేరాలి. అలాంటి చోట్ల పేర్లు కావాలన్నారు.

నాది బండ్ల రిపేరు షెడ్డు. ఈ రోడ్ల మీద గ్రూపు రైడ్లకు చాలా ఏళ్లుగా ముందు బండి నాదే. పేర్ల పట్టిక మాత్రం ఇవ్వను. ఇక్కడ ధాబాలు చేతులు మారుతూనే ఉంటాయి. బోర్డు అదే ఉంటుంది, వంటమనిషి వేరే ఊరికి పోయి ఉంటాడు. ఏ రోడ్డు మీద ఎక్కడ ఆగాలో, ఆగిన చోట ఏం చూసుకోవాలో చెప్తాను. అయితే ముందు ఆ బీరు సంగతి తేలాలి. రూటు, టైము, తిండి అన్నీ దాన్ని బట్టే మారతాయి.

మన దగ్గర బీరంటే 650 మి.లీ. సీసా. లాగర్ అనే మామూలు బీరులో 5 శాతం ఆల్కహాల్ అనుకున్నా అందులో సుమారు 25 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 8 శాతం ఉండే స్ట్రాంగ్ అయితే 40 గ్రాములు. 70 కిలోల మనిషి ఖాళీ కడుపుతో ఒక లాగర్ తాగితే 100 మి.లీ. రక్తంలో ఆల్కహాల్ 50 మిల్లీగ్రాముల దాకా పోవచ్చు. తిని తాగితే కొంత తగ్గుతుంది. చట్టం పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములు. అంటే మీరు అనుకుంటున్న 'ఒక్క బీరు'తోనే హద్దు దాటిపోతారు. శరీరం గంటకు 7 నుంచి 10 గ్రాములకు మించి కరిగించలేదు. లాగర్ పూర్తిగా దిగడానికి దాదాపు మూడు గంటలు, స్ట్రాంగ్ అయితే ఐదారు గంటలు పడుతుంది. నిమ్మరసం తాగినా, మొహం కడుక్కున్నా, కడక్ చాయ్ తాగినా ఆ గంటలు తగ్గవు. మనిషికి తేలికగా అనిపిస్తుంది, అంతే. రక్తంలో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. కారు నడిపేవాడికి నాలుగు చక్రాలున్నాయి. బండి మీద నిలబెట్టేది మన బ్యాలెన్సే, మత్తు దెబ్బతీసేదీ దాన్నే.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద, 2019 సవరణ తర్వాత, మొదటిసారి దొరికితే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. రెండోసారి అయితే 15,000 రూపాయల జరిమానా, లేదా రెండేళ్ల దాకా జైలు, లేదా రెండూ. మత్తులో పడితే మీ బండికి జరిగిన నష్టానికి ఇన్సూరెన్స్ కంపెనీ పైసా ఇవ్వదు, పాలసీలోనే ఆ షరతు రాసి ఉంటుంది. షెడ్డుకు వచ్చే బండ్లలో ఇలా పడినవీ ఉంటాయి. ఫోర్కులు వంగి, ట్యాంకు నొక్కుకుపోయి వస్తాయి. బండిని నేను బాగు చేయగలను. నడిపినవాడు ఎలా ఉన్నాడని అడగడానికి మాత్రం నాకు నోరు రాదు.

'హైవే మీద మంచి బార్ ఎందుకు కనబడదు?' అని కూడా అడిగారు. దానికి కారణం ఉంది. 2016 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్లలోపు మద్యం అమ్మకూడదని తీర్పు చెప్పింది. 20,000 లోపు జనాభా ఉన్న ఊళ్లకు దాన్ని 220 మీటర్లకు తగ్గించింది. పట్టణాల పరిధిలోని లైసెన్సులకు ఈ నిషేధం అడ్డు కాదని 2017 జూలైలో స్పష్టం చేసింది. అందుకే లైసెన్సు ఉన్న బార్ కావాలంటే జనగామ, హనుమకొండ, హుజూరాబాద్, కరీంనగర్, నిర్మల్ లాంటి పట్టణాల లోపలికి పోవాల్సిందే. పల్లెల్లో మిగిలేవి వైన్ షాపులు, వాటి పక్కన కూర్చుని తాగే పర్మిట్ రూములు. హైవే ధాబాలో 'సిట్టింగ్ ఉంది అన్నా' అని వెనక రేకుల షెడ్డు చూపిస్తే, చాలా చోట్ల దానికి ఏ లైసెన్సూ ఉండదు. ఎక్సైజ్ వాళ్లు వస్తే ఓనరుతో పాటు మీరూ చిక్కుకుంటారు.

కాబట్టి నా పద్ధతి ఒక్కటే. రోడ్డు మీద తిండి, బండి తాళం తీసి లోపల పెట్టాక మందు. తాగాలని ఉంటే శనివారమే బయల్దేరి రాత్రికి అక్కడే ఉండే రైడ్ పెట్టుకోండి. ములుగు రోడ్డు వైపు లక్నవరం చెరువు దగ్గర, తాడ్వాయిలో టూరిజం వాళ్ల బసలు ఉన్నాయి, ముందే బుక్ చేసుకోవాలి. మర్నాడు లేచాక కూడా తొందర వద్దు. రాత్రి పన్నెండింటికి మూడో స్ట్రాంగ్ దించినవాడి రక్తంలో పొద్దున ఏడింటికి ఇంకా ఉంటుంది. టిఫిన్ చేసి, బాగా నీళ్లు తాగి, బయల్దేరేది మధ్యాహ్నం దాటాకే. ఒక్క రోజు రైడే అయితే తిరిగి వచ్చి, బండ్లు ఇళ్లలో పెట్టి, ఆటోలో హనుమకొండలోని బార్‌కు పోండి. ఆ రోజు కబుర్లన్నీ అక్కడ చెప్పుకోవచ్చు. మా గ్రూపు చేసేది అదే.

రైడర్ల అడ్డా అంటే మందు ఉండాల్సిందేనని చాలామంది అనుకుంటారు. ప్రపంచంలో పేరున్న రైడర్ల అడ్డా లండన్‌లోని ఏస్ కఫే. 1938లో లారీ డ్రైవర్ల కోసం రోడ్డు పక్కన పెట్టిన చాయ్, తిండి హోటల్ అది. రాత్రంతా తెరిచి ఉంటుందని యుద్ధం తర్వాత బండ్ల కుర్రాళ్లు అక్కడ చేరడం మొదలుపెట్టారు. 1969లో మూతపడి, 2001లో మళ్లీ తెరిచారు. కఫే రేసర్ అనే బండ్ల తరహాకు ఆ పేరు అలాంటి కఫేల నుంచే వచ్చింది. మన ధాబా కథా దాదాపు అంతే. లారీవాళ్లు ఆగే చోటే మనమూ ఆగుతాం.

కల్లు సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే మీ వాళ్లలో ఎవరో ఒకరు 'కల్లు మందు కాదు కదా' అంటారు. పొద్దున చెట్టు నుంచి దించిన తాటికల్లు తియ్యగా ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ పులుస్తుంది, మధ్యాహ్నానికి బీరుతో సమానమవుతుంది. బ్రీత్ ఎనలైజర్‌కు తాటికల్లు, స్ట్రాంగ్ బీరు తేడా తెలియదు. ఇంకో ప్రమాదం ఉంది. కల్లు అమ్మే కొన్ని కాంపౌండ్లలో సీసా కల్లులో క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటి మత్తు మందులు కలిపి అమ్మి పట్టుబడిన కేసులు మన రాష్ట్రంలో ఎన్నో. తెలియని ఊళ్లో సీసా కల్లు ముట్టుకోవద్దు. ఊళ్లో తెలిసిన గౌడన్న కళ్ల ముందు దించి పోస్తే, ఆ రాత్రి అక్కడే ఉండేట్టయితే, గుడాలు, బోటి పెట్టుకుని తాగండి. దాని రుచి ఏ బార్‌లోనూ దొరకదు.

ఇక రోడ్లు. మీ గ్రూపుకు నేను ముందు చెప్పేది ములుగు రోడ్డే, జాతీయ రహదారి 163. వరంగల్ నుంచి ఆత్మకూరు, ములుగు, గోవిందరావుపేట, పస్రా, తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం వంద కిలోమీటర్ల పైచిలుకు. ఉత్తర తెలంగాణలో బండి మీద పోవడానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు. ములుగు దాకా పొలాలు, ఊళ్లు. తర్వాత చెట్లు దగ్గరవుతాయి. పస్రా దాటితే అసలు అడవి. జంగాలపల్లి దగ్గర పాలంపేటకు తిరిగితే రామప్ప గుడి, చల్వాయి దగ్గర తిరిగితే బుస్సాపూర్ మీదుగా లక్నవరం. ముల్లకట్ట వంతెన మీద గోదావరి దాటితే వాజేడు, బొగత జలపాతం.

ఈ రోడ్డు మీద మొదటి ఆగుడు ములుగులో పెట్టుకోండి. సుమారు 50 కిలోమీటర్లు అయి ఉంటాయి, చేతులు తిమ్మిరెక్కే సమయం. ఇక్కడే ఇడ్లీ, పూరీ, చాయ్ కానివ్వాలి. పెట్రోలు నింపాలి, టైర్లు చూసుకోవాలి, ఇంట్లో చెప్పాల్సింది చెప్పాలి. అడవిలోకి పోయాక సిగ్నల్ కొన్ని చోట్ల ఉండదు. పంక్చర్ షాపు కోసం కిలోమీటర్లు నెట్టాల్సి రావచ్చు. ట్యూబ్‌లెస్ టైరయితే పంక్చర్ కిట్టు, చిన్న పంపు గ్రూపుకు ఒక్కటైనా ఉండాలి.

మధ్యాహ్నం తిండికి లక్నవరం, రామప్ప దారుల్లోని చిన్న హోటళ్లు, ఇళ్ల ముందు పందిళ్లు వేసి వండేవాళ్లు బాగుంటారు. వాళ్లకు పోయేటప్పుడే చెప్పి పోవాలి. ఎనిమిది మందికి నాటుకోడి, బగారా అన్నం అని చెప్పి, కొంత అడ్వాన్స్ ఇచ్చి, ఏ టైముకు వస్తారో చెప్పండి. చెరువు చూసి వచ్చేసరికి పొయ్యి మీద నుంచి నేరుగా దించుతారు. నాటుకోడి ఉడకడానికి గంట పైనే పడుతుంది. ఆర్డరిచ్చిన పావుగంటలో 'నాటుకోడి' టేబుల్ మీదికి వచ్చిందంటే అది పొద్దున వండి పెట్టినదైనా అయి ఉండాలి, బాయిలర్ కోడైనా అయి ఉండాలి. ఎముక చూడండి. నాటుకోడి ఎముక గట్టిగా ఉంటుంది, తునక కొరికితే నారలా సాగుతుంది, పులుసు మీద పసుపు రంగు కొవ్వు తేలుతుంది. వానాకాలంలో, చెరువులు నిండినప్పుడు చేప అడగండి. కొర్రమట్ట ఉందంటే చూపించమనండి, పచ్చి చేప చూపించడానికి వెనకాడేవాడి దగ్గర పప్పు తినడమే మంచిది.

అయితే పొట్ట నిండా బగారా తిని వెంటనే బండెక్కితే నిద్ర ముంచుకొస్తుంది. సగం తినండి, మజ్జిగ తాగండి, చెట్టు కింద నులక మంచం ఉంటే అరగంట నడుం వాల్చండి. ఎండాకాలంలో ఇది తప్పనిసరి.

మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘంలో వస్తుంది. ఆ రోజుల్లో, అంతకు ముందు కొన్ని వారాల ఆదివారాల్లో కూడా, ఈ దారిలో సరదా రైడ్ పెట్టుకోవద్దు. బస్సులు, ట్రాక్టర్లు, పిల్లాపాపలతో మొక్కు తీర్చుకోవడానికి పోయే కుటుంబాలు ఉంటాయి. దారి వాళ్లకు వదలాలి.

హైదరాబాద్ వైపు పోయే 163 నాలుగు వరుసల రోడ్డు. ధాబాలూ ఫ్యామిలీ రెస్టారెంట్లూ ఎక్కువ ఇక్కడే. స్టేషన్ ఘన్‌పూర్, జనగామ, ఆలేరు, భువనగిరి పొడవునా కనిపిస్తాయి. తిండికి లోటు లేదు, కానీ ప్రమాదమంతా ధాబాలోకి తిరిగే చోటే. అవతలి వైపు ధాబా బాగుందని డివైడర్ సందులో యూటర్న్ కొట్టడం, తిన్నాక రెండు కిలోమీటర్లు కలిసొస్తాయని ఎదురుగా రాంగ్ రూట్‌లో రావడం చూస్తుంటాను. మీ ఎడమ చేతి వైపు ఉన్న ధాబాలోనే ఆగండి. ఎంత పేరున్నదైనా సరే, అవతలిది తిరుగు ప్రయాణంలో. ముందు బండి అతను అర కిలోమీటరు ముందే ఇండికేటర్ వేయాలి, అందరూ ఒకేసారి బ్రేకు కొట్టకూడదు.

కరీంనగర్ రోడ్డు ఎల్కతుర్తి, హుజూరాబాద్, మానకొండూరు మీదుగా 70 కిలోమీటర్లు. మధ్యలో ఒక చాయ్ చాలు. గ్రానైట్ లారీలు తిరుగుతాయి, వాటి వెనక దగ్గరగా పోవద్దు. కరీంనగర్‌లో మానేరు చేప బాగుంటుంది. పరకాల, భూపాలపల్లి మీదుగా కాళేశ్వరం పోవాలంటే మాత్రం బొగ్గు టిప్పర్లు, ఇసుక లారీలు, దుమ్ము తప్పవు. హెల్మెట్ వైజర్ మూసుకోండి, తిండి కాళేశ్వరంలో గుడి దగ్గర శాకాహారం.

రెండు రోజులు దొరికితే జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూర్ పోండి. అక్కడి నుంచి నిజామాబాద్ వైపు కొద్ది దూరంలోనే అంకాపూర్. నాటుకోడి కూరకు రాష్ట్రమంతా పేరున్న ఊరది. కిలోల లెక్కన కాదు, కోడి లెక్కన ఆర్డర్ తీసుకుని, కూర, అన్నం కలిపి ఇస్తారు. ఫోన్ చేసి పోతేనే మంచిది. కారం గట్టిగా ఉంటుంది, అలవాటు లేనివాళ్లకు ముందే చెప్పండి. సీజన్‌లో రోడ్డు పక్కన కాల్చే మక్క కంకులు వదలొద్దు. ఆర్మూర్ నుంచి 44వ జాతీయ రహదారి ఎక్కితే నిర్మల్, ఆదిలాబాద్. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే రోడ్డు కాబట్టి ఉత్తరాది లారీలు ఎక్కువ. అందుకే ఇక్కడి ధాబాల్లో తందూర్ రొట్టె, దాల్ తడ్కా నిజంగా బాగుంటాయి. ఈ రోడ్డు మీద బిర్యానీ అడగకండి, లారీ డ్రైవర్లు ఏది తింటున్నారో చూసి అదే చెప్పండి. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ మలుపులు వానాకాలంలో చాలా అందంగా ఉంటాయి, అంతే జారుడుగానూ ఉంటాయి.

ధాబా ఎంచుకునేటప్పుడు నేను రుచి కంటే ముందు బండి పెట్టే చోటు చూస్తాను. కూర్చున్న మంచం నుంచి బండ్లు కనబడాలి. నల్లరేగడి నేల తడిస్తే సైడ్ స్టాండ్ దిగబడి బండి పక్కకు ఒరుగుతుంది, ఒకటి పడితే వరుసగా అన్నీ పడతాయి. స్టాండ్ కింద పెట్టుకోవడానికి చిన్న చెక్క ముక్క బ్యాగులో ఉంచుకోండి. రామప్ప, లక్నవరం, తాడ్వాయి వైపు కోతులతో జాగ్రత్త. సీటు మీద తిండి సంచి వదిలితే సంచితో పాటు సీటు కవరూ పోతుంది. హెల్మెట్ అద్దానికి తగిలించకుండా లోపలికి తెచ్చుకోండి.

మీ గ్రూపులో ఇద్దరు ఆడపిల్లలు కూడా రైడ్ చేస్తారని రాశారు, చాలా సంతోషం. అలా అయితే ప్రతి ఆగుడూ ముందు టాయిలెట్ చూసి నిర్ణయించండి. పెద్ద పెట్రోల్ బంకులు, టూరిజం వాళ్ల హరిత హోటళ్లు నయం. సిట్టింగ్ నడిపే ధాబాల్లో మధ్యాహ్నం నుంచే వాతావరణం మారిపోతుంది, అక్కడ వాళ్లను ఇబ్బంది పెట్టొద్దు. దాహం వేసినా టాయిలెట్ లేదని నీళ్లు తాగకుండా బండి నడిపే పరిస్థితి ఎవరికీ రాకూడదు. మన ఎండల్లో అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఇంకో మాట, దీని మీద నాకు నిజంగా బాధ ఉంది. తాడ్వాయి అడవిలో వాగుల పక్కన ఆగి చూడండి, పగిలిన బీరు సీసాలే. పశువులు, అడవి జంతువులు నీళ్లకు దిగేది అక్కడే, ఊరి పిల్లలు చెప్పుల్లేకుండా నడిచేదీ అక్కడే. బహిరంగంగా తాగడం ఎలాగూ నేరం. మీరు తెచ్చిన నీళ్ల సీసాలు, చిప్స్ కవర్లు తిరిగి ములుగులో చెత్తడబ్బాలో వేసేదాకా మీ బ్యాగులోనే ఉండాలి.

టైము సంగతి. పొద్దున ఆరింటికి హనుమకొండ వదలండి, మధ్యాహ్నం ఒంటిగంటకు తిండి, మూడింటికి తిరుగు ప్రయాణం. సాయంత్రం ఐదు తర్వాత పస్రా అవతల ఉండొద్దు. అక్టోబర్ చివరి నుంచి డిసెంబర్ దాకా, మళ్లీ ఏప్రిల్, మే నెలల్లో రైతులు వడ్లు, మక్కలు రోడ్డు మీదే ఆరబోస్తారు. చుట్టూ రాళ్లు పెట్టి, రాత్రికి నల్ల పట్టా కప్పుతారు. చీకట్లో ఆ కుప్ప హెడ్‌లైట్‌కు దగ్గరికి వచ్చేదాకా కనిపించదు. గింజల మీద ముందు చక్రం నిలవదు. వెనక లైటు లేని ట్రాక్టర్లు, హార్వెస్టర్లు కూడా అప్పుడే తిరుగుతాయి. కోతల కాలంలో ములుగు రైడ్ పెట్టుకుంటే ఒంటిగంట తిండిని పన్నెండింటికి జరపండి, వండేవాళ్లకు పొద్దునే ఆ టైము చెప్పండి.